రెండు కార్బ్యురేటర్లు, ఒకే ఊపిరి

ప్రశ్న: మా నాన్నగారు 30 ఏళ్లు నడిపిన మోరిస్ మైనర్ 1000 ఆయన పోయాక నా చేతికి వచ్చింది. ఇంజిను 1098 సీసీ. అదే కుటుంబానికి చెందిన ఒక స్పోర్ట్స్ కారు ఇంజిను నుంచి తీసిన రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు (పెట్రోలును గాలిలో కలిపే పరికరాలు), వాటి మానిఫోల్డు (వాటిని ఇంజినుకు కలిపే గొట్టాల ముక్క) దొరికితే కొన్నాను. మెకానిక్ వాటిని బిగించి, ఎగ్జాస్టుకు కొత్త గొట్టాల మానిఫోల్డు పెట్టి, వెనక రెండు గొట్టాలు బయటికి వచ్చేలా చేశారు. కొత్త ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు కూడా పెట్టారు. అప్పటినుంచి ఐడ్లింగ్‌లో బండి వణుకుతోంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడి, కార్బ్యురేటర్ తుమ్మినట్టు శబ్దం వస్తోంది. కాలు తీస్తే సైలెన్సర్‌లో టపటపమంటోంది. ఇంజిను ఆపాక పెట్రోలు వాసన. ప్లగ్గులు విప్పి చూస్తే 1, 2 నల్లగా మసిబారి ఉన్నాయి, 3, 4 తెల్లగా ఉన్నాయి. బలం పెరగలేదు సరికదా, తగ్గినట్టుంది. ఇవన్నీ తీసేసి పాత కార్బ్యురేటరే పెట్టించమంటారా?

సమాధానం:

ఇప్పుడే తీయకండి. మీ ఇంజినుకు వచ్చిన జబ్బు ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. ముందు రెండు ప్లగ్గులు నలుపు, వెనక రెండు తెలుపు అని రాశారు కదా, అసలు సంగతి అదే. ఆ రంగులు చూడకుండా ఎవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు కార్బ్యురేటర్లనూ తిప్పుతూ పోతే నెల రోజులు తిప్పినా బండి దారికి రాదు.

మీది 1951లో ఆస్టిన్ ఏ30తో మొదలైన ఏ-సిరీస్ ఇంజిను. దాని సిలిండర్ హెడ్డులో ఒక విశేషం ఉంది. సిలిండర్లు నాలుగైనా గాలి లోపలికి వెళ్లే దారులు రెండే. 1, 2 సిలిండర్లు ఒక దారిని, 3, 4 ఇంకో దారిని పంచుకుంటాయి. మీరు పెట్టించిన మానిఫోల్డులో ఒక్కో దారికి ఒక్కో కార్బ్యురేటర్ ఉంటుంది. కాబట్టి ముందు జత నల్లబడిందంటే ముందు కార్బ్యురేటర్ మిక్చర్, అంటే గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం, చిక్కగా (పెట్రోలు ఎక్కువగా) ఇస్తోంది. వెనక జత తెల్లబడిందంటే అక్కడ మిక్చర్ పలచబడింది, లేదా ఎక్కడో దొంగగాలి లోపలికి చొరబడుతోంది. బహుశా జరిగింది ఇది: వెనక వైపు గాలి లీకవుతుంటే ఐడ్లింగ్ నిలవలేదు, దాన్ని నిలబెట్టడానికి ముందు కార్బ్యురేటర్‌ను చిక్క చేశారు. అంటే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పారు. మీరు రాసిన వణుకు, తడబాటు, తుమ్ము ఇందులోంచే పుట్టగలవు.

ఒక్క విషయంలో మాత్రం ఈ రోజునుంచే జాగ్రత్త పడండి. వెనక రెండు ప్లగ్గులు తెల్లగా ఉన్నంతకాలం బండిని వేగంగా, దూరంగా తీసుకెళ్లకండి. పలచని మిక్చర్ వేడిగా మండుతుంది. ఈ హెడ్డులో 2, 3 సిలిండర్ల పొగ మధ్యలో ఒకే దారి గుండా బయటికి పోతుంది కాబట్టి అక్కడ ముందే వేడి ఎక్కువ. నేను ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఇలాంటి బండినే, వెనక కార్బ్యురేటర్ కింద గాస్కెట్ చిరిగిన సంగతి గమనించకుండా, ఒక పూటంతా నడిపాను. పెట్రోలు తక్కువ తాగుతోందని సంతోషించాను కూడా. ఇంటికి చేరేసరికి మూడో సిలిండర్ ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోయి ఉంది. ఆ వాల్వు ఇప్పటికీ నా పనిబల్ల మీదే ఉంటుంది. ఎవరైనా పలచని మిక్చర్‌తో నడుపుతున్నారని తెలిస్తే ముందు అది చేతికిచ్చి చూపిస్తాను.

ఇక మీ అసలు ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: రెండు కార్బ్యురేటర్లు పెడితే బలం ఎంత పెరగాలి? ఆశ ఎంత పెట్టుకోవాలో ముందు తేల్చుకుంటే పని మీద కోపం రాదు. 1958లో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అనే చిన్న స్పోర్ట్స్ కారులో అప్పటి మైనర్‌లో ఉన్న 948 సీసీ ఇంజినే ఉండేది. మైనర్‌లో ఒక కార్బ్యురేటర్‌తో 37 హార్స్‌పవర్, స్ప్రైట్‌లో రెండింటితో 43. ఆ 6 హార్స్‌పవర్ కూడా కార్బ్యురేటర్ల వల్ల మాత్రమే రాలేదు, వాల్వు స్ప్రింగుల వంటి మార్పులు కూడా చేశారు. కర్మాగారమే అంతా కలిపి సాధించింది అంత. 1098 సీసీ మైనర్ కొత్తలో ఇచ్చినది 48. మీ ఇంజిను మిగతాదంతా మారకుండా కార్బ్యురేటర్లు, ఎగ్జాస్టు మారితే పైవేగాల్లో ఊపిరి సలుపుతుంది, తొక్కితే చురుగ్గా స్పందిస్తుంది. కారు రెట్టింపు బలంతో దూకదు.

లెక్క కూడా చూడండి. మీ రెండు కార్బ్యురేటర్ల నోళ్లు బహుశా ఒక్కోటి 1¼ అంగుళాలు ఉంటాయి. ఆ రెండు వృత్తాల వైశాల్యం కలిపితే 1¾ అంగుళాల ఒకే ఒక్క కార్బ్యురేటర్ నోటితో దాదాపు సమానం. అందుకే చాలామంది అనుభవజ్ఞులు మంచి మానిఫోల్డు మీద ఒకే పెద్ద కార్బ్యురేటర్ చాలంటారు. సర్దడానికి ఒకటే ఉంటుంది, ఇంకోదానితో జత కలపాల్సిన బాధ లేదు. ఆ మాటలో నిజముంది. రోజూ పనికి వెళ్లిరావడానికి వాడే బండి అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ సరిగ్గా కుదిరిన జంట ఎస్‌యూలు ఉన్న చిన్న ఇంజిను యాక్సిలరేటర్‌కు పలికే తీరు వేరు. ఆ తీరు కోసమే మీరు ఇంత ఖర్చు పెట్టి ఉంటారు. కొన్నారు, బిగించారు, ఇక దాన్ని పూర్తి చేద్దాం.

పని మొదలుపెట్టే ముందు మంటలార్పే సిలిండర్ చేతికి అందేచోట పెట్టుకోండి. ఈ ఇంజినులో కార్బ్యురేటర్లు, ఎగ్జాస్టు ఒకే వైపు ఉంటాయి, పెట్రోలు పైన, ఎర్రగా కాలే ఇనుము కింద. ఆపాక వచ్చే పెట్రోలు వాసనను అందుకే అన్నింటికన్నా ముందు పట్టించుకోవాలి.

వాసనకు నా మొదటి అనుమానం కొత్త పంపు మీద. ఎస్‌యూ కార్బ్యురేటర్‌లో ఫ్లోటు పైకి లేచి చిన్న సూదివాల్వును మూస్తే పెట్రోలు ఆగుతుంది. ఆ వాల్వుకు చదరపు అంగుళానికి 2 నుంచి 3 పౌండ్ల ఒత్తిడి చాలు. బయట దొరికే చాలా ఎలక్ట్రిక్ పంపులు అంతకన్నా గట్టిగా నెడతాయి. ఒత్తిడికి వాల్వు ఓడిపోతే పెట్రోలు పొంగి జెట్ (పెట్రోలు గాలిలోకి వచ్చే సన్నని గొట్టం) గుండా కారుతుంది, ముందు ప్లగ్గులు నల్లబడటానికి అదీ ఒక కారణం కావచ్చు. పంపు దారిలో గేజి పెట్టి కొలవండి. ఎక్కువుంటే రెగ్యులేటర్ పెట్టండి, లేదా ఈ కార్బ్యురేటర్లకు తగిన పంపు పెట్టండి. తర్వాత ఫ్లోటు గిన్నెల మూతలు విప్పి, సూదివాల్వు కింద చెత్త లేదని చూసి, మూత తలకిందులు చేసి ఫ్లోటు చేతికి, మూతకు మధ్య ఖాళీ కొలవండి. అది సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకన్నా ముఖ్యం, రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. గిన్నెల నుంచి పొంగిన పెట్రోలు బయటికి పోయే సన్నని గొట్టాలు ఉంటాయి, అవి ఎగ్జాస్టుకు దూరంగా, కిందకు దిగి ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. చాలా బండ్లలో ఈ గొట్టాలను తీసి పక్కన పడేస్తారు. దయచేసి మీ బండిలో అలా వదలకండి.

ఇప్పుడు దొంగగాలి. ముందుగా మానిఫోల్డు బిగింపు చూడండి. మైనర్ పాత మానిఫోల్డులో గాలి దారి, పొగ దారి కలిసి ఒకే పోతగా ఉంటాయి. మీకు ఇప్పుడు అవి రెండు వేర్వేరు ముక్కలయ్యాయి, కానీ వాటిని హెడ్డుకు పట్టే బోల్టులు మాత్రం ఉమ్మడివే. ఒక్కో నట్టు కింద ఉన్న మందపాటి పెద్ద వాషరు సగం గాలి మానిఫోల్డు అంచును, సగం ఎగ్జాస్టు అంచును నొక్కుతుంది. ఆ రెండు అంచుల మందం ఒకేలా లేకపోతే వాషరు మందంగా ఉన్నదాన్నే నొక్కుతుంది, పలచగా ఉన్నది వదులుగా ఉండిపోతుంది. నట్టు ఎంత బిగించినా లాభం లేదు. వేర్వేరు చోట్ల చేసిన ముక్కలను జతచేసినప్పుడు ఈ తేడా తరచూ కనిపిస్తుంది. మీ వెనక జత తెల్లబడటానికి నేను మొదట చూసేది ఇక్కడే. మానిఫోల్డు విప్పి, అంచుల మందం కాలిపర్‌తో కొలిచి, తేడా ఉంటే మందమైన దాన్ని సమం చేయించండి, లేదా మెట్టు ఉన్న వాషర్లు చేయించండి. కొత్త గాస్కెట్ వేసి, నట్లను మధ్య నుంచి బయటికి కొద్దికొద్దిగా 15 పౌండ్-అడుగుల వరకే బిగించండి. రెండు మూడు సార్లు ఇంజిను వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూడండి, కాస్త సడలి ఉంటాయి.

రెండో చోటు యాక్సిలరేటర్ పలక, అంటే కార్బ్యురేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే పలక, తిరిగే ఇరుసు. వాడిన కార్బ్యురేటర్లలో ఆ ఇరుసు, అది తిరిగే రంధ్రాలు అరిగి ఉంటాయి. ఇరుసు కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. చేతికి కదలిక తెలుస్తోందంటే అక్కడినుంచి గాలి పోతోంది. కొత్త బుషింగులు, కొత్త ఇరుసులు వేయించకుండా ఎంత ట్యూనింగ్ చేసినా ఐడ్లింగ్ నిలవదు. ఇంజిను తిరుగుతుండగా అనుమానమున్న కీలు మీద రెండు చుక్కల సబ్బునీళ్లు వేసి ఇంజిను గొంతు మారుతుందేమో వినండి. మండే స్ప్రేలు కొట్టే అలవాటు కొందరికి ఉంది, వేడి ఎగ్జాస్టు మీద అది ప్రమాదం.

మూడోది చాలామంది కంట పడనిది. ఎయిర్ ఫిల్టర్ బిగించే అంచులో బోల్టు రంధ్రాలతో పాటు చిన్న రంధ్రాలు ఉంటాయి. గాలి లాగుడుకు పైకి లేచే కార్బ్యురేటర్ పిస్టన్ (ఇంజిను పిస్టన్ కాదు) కింది భాగానికి గాలి అందేది వాటిగుండానే. ఫిల్టర్ గాస్కెట్‌ను తలకిందులుగా పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. పిస్టన్ సరిగా లేవదు, బండి ఎందుకు లాగడం లేదో ఎవరికీ అర్థం కాదు. ఫిల్టర్లు విప్పినప్పుడు ఒక్క నిమిషం అక్కడ చూడండి.

ఫిల్టర్లు విప్పారు కాబట్టి పిస్టన్లనూ చూడండి. వేలితో పైకెత్తి వదిలితే ఒక్కోటి కింద పడి స్పష్టంగా ఠక్కుమనాలి. మెత్తగా ఆగిపోతే జెట్ మధ్యకు సర్దలేదని, లేదా పిస్టన్ ఎక్కడో రాసుకుంటోందని అర్థం. పిస్టన్ మీద మూతలా పైనున్న గిన్నె, దాని పిస్టన్ ఒకదానికొకటి జతగా తయారైనవి. రెండు కార్బ్యురేటర్లు ఒకేసారి విప్పి బల్ల మీద కలిపేయకండి, ఒకటి పూర్తయ్యాక రెండోది ముట్టుకోండి. గిన్నె లోపల గరుకు కాగితం పెట్టి రుద్దడం పెద్ద నేరం. పిస్టన్ అడుగునుంచి జెట్‌లోకి దిగే నీడిల్ మెడ మీద చెక్కిన అక్షరాలు రెండింటికీ ఒకటేనా, లోపలి స్ప్రింగుల రంగు ఒకటేనా చూడండి. వేరే వేరే బండ్ల నుంచి ఒక్కో కార్బ్యురేటర్ తెచ్చి జత అని అమ్మినవాళ్లు ఉన్నారు. వాటి నీడిళ్లు వేరైతే ఐడ్లింగ్‌లో కుదిరినా వేగంలో కుదరవు. పిస్టన్ కడ్డీలోని డ్యాంపర్‌కు పలచని నూనె, 20 గ్రేడు, పోసి ఉండాలి. ఎస్‌యూలో యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మే పంపు లేదు. ఆ పని ఈ నూనే చేస్తుంది, పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా ఆపి ఆ క్షణానికి మిక్చర్‌ను చిక్కబరుస్తుంది. మీరు రాసిన తడబాటుకు ఒక్కోసారి కారణం ఇంత చిన్నదే, ఒకదాంట్లో నూనె ఉండదు.

ఇవన్నీ అయ్యాకే ట్యూనింగ్. ఈ లోపు వాల్వు ఖాళీలు చల్లటి ఇంజినులో 0.012 అంగుళాలు, అంటే 0.30 మిల్లీమీటర్లకు సరిచేసి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల పుట్టే గాలి ఒత్తిడి) కొలవండి. తేడా 10 శాతం మించితే కార్బ్యురేటర్లను వదిలేసి ముందు ఇంజిను సంగతి చూడాలి. పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్ కూడా సరిచేయండి.

ఇంజినును బాగా వేడెక్కించి ఆపండి. రెండు కార్బ్యురేటర్ల యాక్సిలరేటర్ ఇరుసులను కలిపే కడ్డీ బిగింపులు, చోక్ కడ్డీ బిగింపులు సడలించండి, రెండూ ఎవరికి వారు స్వతంత్రంగా ఉండాలి. ఐడ్లింగ్ స్క్రూలను పలక మూసుకునేదాకా వదిలి, ఆనిన చోటినుంచి రెండింటినీ ఒకటిన్నర మలుపు తిప్పండి. జెట్ నట్టులను పైదాకా తిప్పి, జెట్ పైకొన వంతెనతో (కార్బ్యురేటర్ గొంతులో జెట్ చుట్టూ ఉన్న మెట్టుతో) సమంగా వచ్చాక, రెండింటినీ సరిగ్గా రెండు మలుపులు కిందకు దించండి. నట్టుకు ఆరు ముఖాలు కాబట్టి 12 ముఖాలు. పాత అమరిక పోతుందని బాధపడకండి, అది పోవడమే మంచిది.

ఇంజిను స్టార్టు చేసి, మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన ముందు కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టండి. బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. అదే చోట, అదే కోణంలో వెనకదాని నోటి దగ్గర పెట్టండి. శబ్దం ఎక్కువున్న చోట ఐడ్లింగ్ స్క్రూ కొద్దిగా వదిలి, తక్కువున్న చోట కొద్దిగా బిగిస్తూ, రెండు బుసలూ ఒకేలా వచ్చేదాకా వెనకకూ ముందుకూ తిరగండి. గాలిని కొలిచే పరికరాలు దొరుకుతాయి, ఉంటే వాడండి, కానీ చెవి మోసం చేయదు. ఈ పనికి నేను ఎంతసేపైనా వెచ్చిస్తాను. రెండు బుసలూ కలిసిపోయిన క్షణాన ఇంజిను వణుకు హఠాత్తుగా సద్దుమణుగుతుంది. నాకు ఈ వృత్తిలో అన్నింటికన్నా ఇష్టమైన క్షణం అది.

గాలి సమానమయ్యాక మిక్చర్. రెండు జెట్ నట్టులనూ ఒకేసారి ఒక్కో ముఖం చొప్పున పైకి లేదా కిందకు తిప్పి, ఇంజిను అత్యంత వేగంగా, నిలకడగా తిరిగే చోటు పట్టుకోండి. పైకి తిప్పితే పలచబడుతుంది, కిందకు తిప్పితే చిక్కబడుతుంది. తర్వాత ముందు కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను సుమారు 0.8 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తండి. ఇంజిను వేగం పెరిగి అలాగే ఉండిపోతే ఆ కార్బ్యురేటర్ చిక్కగా ఉంది. వెంటనే పడిపోయి ఆగబోతే పలచగా ఉంది. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ స్థిమితపడితే సరిగ్గా ఉంది. వెనకదానికీ అలాగే చేయండి. మానిఫోల్డులో రెండింటినీ కలిపే గొట్టం ఉంటుంది కాబట్టి ఒకదాని మార్పు రెండోదాని మీద ప్రభావం చూపుతుంది, అందుకే మళ్లీ ముందుదానికి రావాలి. సైలెన్సర్ గొంతు కూడా వినండి. లయ తప్పకుండా మిస్సింగ్ వస్తూ నల్లపొగ కనిపిస్తే చిక్కదనం, లయ లేకుండా అక్కడక్కడా తడబడితే పలచదనం. నా అంచనా ప్రకారం మీ ముందుది పైకి, వెనకది కిందకు తిప్పాల్సి వస్తుంది. వెనకదాన్ని మూడు నాలుగు ముఖాలు తిప్పినా అది స్పందించకపోతే ఆ దొంగగాలి ఇంకా పోలేదని తెలుసుకోండి, ఆపి మళ్లీ వెతకండి.

చివరగా సడలించిన కడ్డీలు బిగించండి. ఇక్కడే సగం మంది చేసిన పని పాడుచేసుకుంటారు. కడ్డీల చేతులు రెండు ఇరుసులనూ ఒకే క్షణాన అందుకోవాలి, ఐడ్లింగ్‌లో రెండింటి దగ్గరా ఒకే చిన్న ఖాళీ ఉండాలి. ఇంజినును నిమిషానికి 1500 చుట్ల దగ్గర నిలిపి మళ్లీ గొట్టంతో వినండి. ఐడ్లింగ్‌లో సమానంగా ఉండి ఇక్కడ తేడా వస్తే కడ్డీ బిగింపులో లోపం. చోక్ కడ్డీ కూడా రెండు జెట్లనూ ఒకేసారి దించుతోందో లేదో చూడండి. ప్రతి ఇరుసుకూ దాని సొంత వెనక్కిలాగే స్ప్రింగు ఉండాలి.

ఇక ఎగ్జాస్టు. వెనక రెండు గొట్టాలు ఎందుకు పెట్టించారో నాకు తెలుసు, చూడటానికి బాగుంటాయి. కానీ నాలుగు సిలిండర్ల ఈ చిన్న ఇంజినుకు అవి ఏ మేలూ చేయవు. మీ ఇంజిను పేలే వరుస 1-3-4-2. అందులో 1, 4 సరిగ్గా ఒక చుట్టు దూరంలో పేలుతాయి, 2, 3 కూడా అంతే. అందుకే మంచి గొట్టాల మానిఫోల్డులో 1, 4 గొట్టాలను ఒకటిగా కలిపి, మధ్య దారిలో వచ్చే 2, 3 పొగను పొడవాటి గొట్టంలో కిందకు తెచ్చి, అక్కడ రెండింటినీ కలుపుతారు. ఒక దాని పొగ కెరటం దాటిపోతూ ఇంకోదాన్ని లాగుతుంది. లాభమంతా ఆ కలయికలోనే ఉంది. కలిశాక మళ్లీ రెండుగా చీల్చితే వెనక బరువు, ఇంకో రెండు కీళ్లు పెరిగినట్టే. గొట్టం మరీ లావుగా ఉన్నా నష్టమే, పొగ వేగం తగ్గి తక్కువ వేగాల్లో లాగే శక్తి పోతుంది. మీ ఇంజినుకు ఒకటిన్నర అంగుళాల నుంచి 1¾ అంగుళాల లోపు ఒకే గొట్టం, ఒక మంచి సైలెన్సర్ చాలు.

రెండు గొట్టాలకు అర్థమున్న ఇంజిన్లు వేరే ఉన్నాయి. ఆరు సిలిండర్లు వరుసగా ఉండి 1-5-3-6-2-4 క్రమంలో పేలే పాత ఇంజిన్లలో ఒకసారి ముందు సగం, ఒకసారి వెనక సగం పేలుతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డును మధ్యలో రెండుగా విడదీస్తే ఒక్కో గొట్టంలోకి సమానమైన విరామాలతో పొగ వస్తుంది. వీ8 ఇంజిన్లలో రెండు వైపులకూ చెరో గొట్టం సహజమే, అయినా వాటిలో ఎక్కువవాటికి ఒక్కో వైపు పేలుళ్లు సమాన విరామాలతో రావు కాబట్టి రెండింటి మధ్య అడ్డంగా ఇంకో గొట్టం కలిపితే మంచిది. ఆ బండ్లను చూసి మీ మెకానిక్ ఇక్కడా పెట్టి ఉంటారు.

కాలు తీసినప్పుడు టపటపకు రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి వెనక జత పలచదనం, అది పైన చెప్పిన పనితో పోతుంది. రెండోది ఎగ్జాస్టు కీళ్లలో ఎక్కడో గాలి లోపలికి పోవడం. కాలని పెట్రోలు ఆ గాలి తగిలి గొట్టంలో మండుతుంది. ఇంజిను చల్లగా ఉండగా స్టార్టు చేసి, ఎవరినైనా గొట్టాల నోళ్లకు కొద్దిసేపు మందపు గుడ్డ అడ్డం పెట్టమని, మీరు కీళ్ల దగ్గర బుస వినండి. లీకున్న చోట నల్లని మసి గీత కూడా కనిపిస్తుంది. ఈ లీకు ముందువైపు ఉంటే పొగలోని విషవాయువు కారులోకి వస్తుంది కాబట్టి వాయిదా వేయకండి. గొట్టాల మానిఫోల్డు అతుకుల దగ్గర విరగకుండా గేరుబాక్సు దగ్గర ఒక పట్టీతో ఆధారం ఇవ్వాలి. దాని వెనక ఆధారాలన్నీ రబ్బరుతోనే ఉండాలి, ఎందుకంటే ఇంజిను కదులుతుంది, బండి కదలదు.

వేడి గురించి ఇంకో మాట. పాత మానిఫోల్డులో ఎగ్జాస్టు వేడి గాలిదారిని వెచ్చబరిచేది. ఇప్పుడు అది లేదు కాబట్టి చల్లని పూట చోక్ కాస్త ఎక్కువసేపు కావాలి, అది జబ్బు కాదు. మరోవైపు బండి ఆగాక కింది ఎగ్జాస్టు వేడికి ఫ్లోటు గిన్నెల్లో పెట్రోలు మరుగుతుంది. కార్బ్యురేటర్లకు, మానిఫోల్డుకు మధ్య వేడిని ఆపే మందపు దిమ్మెలు, కింద ఒక రేకు తప్పనిసరి. ఆ రేకు పాత కారుతో వచ్చినదైతే దాని మీద ఆస్‌బెస్టాస్ పొర ఉండవచ్చు. దాన్ని గీకకండి, రుద్దకండి, కొత్త రేకు చేయించండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడుతుంటే పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, మిక్చర్ కూడా ఒకటి రెండు ముఖాలు చిక్కగా కోరవచ్చు. డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ గొట్టం కార్బ్యురేటర్‌కున్న చిన్న ముక్కుకే తగిలించాలి, మానిఫోల్డుకు కాదు.

ఇదంతా చేశాక కొత్త ప్లగ్గులు పెట్టి, ఎత్తు దారిలో ఒక పది నిమిషాలు మామూలు వేగంతో నడిపి, యాక్సిలరేటర్ వదిలేసి అక్కడికక్కడే ఇంజిను ఆపి, క్లచ్ తొక్కి బండిని పక్కకు తీసుకోండి. ఐడ్లింగ్‌లో తిరగనిస్తే రంగు మారిపోతుంది. చల్లారాక నాలుగు ప్లగ్గులనూ సిలిండర్ వరుసలో పెట్టి ఫొటో తీయండి. సీసం లేని పెట్రోలుతో రంగు లేతగా ఉంటుంది కాబట్టి పింగాణీ కొనను కాక, అది లోహంలోకి దిగే అడుగున వలయాన్ని చూడండి. ఒకే దారిని పంచుకునే రెండు సిలిండర్లలో ముందుగా పీల్చిన దాని వాటాలోంచి తర్వాతది కొంత లాక్కుంటుంది. ఈ హెడ్డు స్వభావమే అంత, కాబట్టి పక్కపక్క ప్లగ్గుల మధ్య చిన్న తేడా ఉంటే కంగారు పడకండి. ముందు జత, వెనక జత ఒకేలా ఉన్నాయా అన్నదే చూడాల్సింది.

అంతా కుదిరాక బ్రేకులు ఒకసారి విప్పి చూపించండి. నాన్నగారి పాత కార్బ్యురేటర్, మానిఫోల్డు నూనె పూసి గుడ్డలో చుట్టి దాచండి, ఎవరికీ అమ్మకండి. ఒకవేళ వెనక జత ఇంకా తెల్లగానే ఉంటే, మానిఫోల్డు అంచుల మందాల కొలతలు, రెండు నీడిళ్ల మీది అక్షరాలు, పంపు ఒత్తిడి, ఆ నాలుగు ప్లగ్గుల ఫొటో కలిపి మళ్లీ రాయండి.